దాది చెప్పిన అర్థం

హొకుసాయి వేసిన ఒక ప్రింటులో కొండ పక్కన వాగు ఉంటుంది. కొందరు జాలరులు పొడుగాటి వలని లాగుతుంటారు. దగ్గర్లో మంట వేసి ఉంటుంది. దాని పొగ పైకి లేచి, ఒక వంపు తిరిగి, బొమ్మ సగం మేర పాకుతుంది. ఎగువన ఒక గుడిసె, అందులో కూర్చుని చూస్తున్న ఒక మనిషి. ఒక మూల చదరంలో ఏడో శతాబ్దపు కవి హితొమారో పద్యం. దాని భావం స్థూలంగా ఇదీ: కొండకోడి తోక ఎంత పొడుగ్గా వేలాడుతుందో, ఈ రాత్రీ అంత పొడుగ్గా ఉంది, ఇంత రాత్రీ నేను ఒక్కణ్ణే పడుకోవాలా?

పద్యంలో జాలరులు లేరు. వల లేదు, మంట లేదు. బొమ్మలో కోడి లేదు. విరహం కావాలంటే ఆ గుడిసెలో మనిషి మొహంలో వెతుక్కోవాలి.

మొదటిసారి చూసినప్పుడు మ్యూజియం వాళ్ళు వేరే బొమ్మ కింద ఈ వివరణ పెట్టేశారేమో అనుకున్నాను. కాసేపు చూస్తే పొగ కనిపించింది. ఆ పొగ వంపే కోడి తోక. వల కూడా పొడుగే. పద్యం మొత్తంలోంచి 'పొడుగు' అన్న ఒక్క మాట పట్టుకుని, దాన్ని వలలోకీ పొగలోకీ దింపి, మిగతాదంతా వదిలేశాడు ముసలాయన. ముసలాయన అంటున్నది చనువుతో కాదు. ఈ వరస ప్రింట్లు మొదలుపెట్టిన 1835 నాటికి హొకుసాయికి డెబ్భై అయిదేళ్ళు. అప్పటికే పేరు మార్చేసుకుని 'ఒకప్పటి హొకుసాయి, మన్జి' అని సంతకం పెడుతున్నాడు.

ఈ వరసకి ఆయన పెట్టిన పేరు 'హ్యాకునిన్ ఇస్షు ఉబా గా ఎతొకి'. నూరుగురు కవులు, తలా ఒక పద్యం, దాది బొమ్మలతో చెప్పిన అర్థాలు. ఉబా అంటే పిల్లల్ని పెంచే దాది. పెద్దగా చదువుకోనిది. పద్యం విని, తనకి తెలిసిన లోకంలోంచి ఏదో అర్థం లాగి పిల్లలకి చెప్తుంది. పండితులు చెప్పే అర్థం కావాలంటే ఇంకెక్కడికైనా పోండి, ఇది మాత్రం దాది మాట, అని పేరులోనే చెప్పేశాడన్నమాట.

ఆ నూరు పద్యాలు ఎక్కడివో చెప్పకపోతే ఈ కొంటెతనం అర్థం కాదు. 1235 ప్రాంతంలో క్యోటో పక్కన ఒగురా కొండ దగ్గర, ఫుజివారా నో తెయికా అనే కవి తన కొడుకు మామగారి ఇంటి జరుపుడు తలుపుల మీద అతికించడానికి పద్యాలు ఎంచి చదరపు కాగితాల మీద రాసిచ్చాడు. ఒక్కొక్క కవిది ఒక్కొక్కటి. తలా 31 అక్షరాలు: 5-7-5 పైభాగం, 7-7 కింది భాగం. ఇవాళ జపాన్‌లో బడికెళ్ళిన ప్రతివాళ్ళూ ఎంతోకొంత ఎరిగిన ఈ సంకలనం పుట్టుక ఇంటి అలంకారంలో ఉందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. కవిత్వం గోడకెక్కితే చచ్చిపోతుందనే వాళ్ళకి చెప్పుకోవడానికి బాగుంటుంది. తెయికా తలుపులకీ హొకుసాయి దాదికీ మధ్య సరిగ్గా ఆరువందల ఏళ్ళు.

ఈ ఆరువందల ఏళ్ళలో పద్యాల్ని మోసింది వ్యాఖ్యాతలు మాత్రమే కాదు. చాలావరకు ఒక ఆట మోసింది.

మొదట గవ్వలాట. గవ్వ అంటే మన పచ్చీసు గవ్వ కాదు, రెండు చిప్పలుగా తెరుచుకునే సముద్రపు ఆల్చిప్ప. ఒక ఆల్చిప్ప రెండు సగాలూ వాటిలో అవే అతుకుతాయి, ఇంకో దాంతో అతకవు. లోపలివైపు బంగారు పూత పూసి బొమ్మలు వేసి, బోర్లించి, జతలు కలపడమే కై-అవాసె ఆట. పెద్దింటి పెళ్ళికూతుళ్ళ సారెలో ఈ చిప్పల పెట్టె ఉండేది. పోలిక ఎవరికైనా తడుతుంది: దాని జత దానికే. తర్వాత చిప్పల మీదకి పద్యాలు కూడా ఎక్కాయి. ఒక సగంలో పైభాగం, రెండో సగంలో కింది భాగం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు నావికులు పేకముక్కలు తెచ్చారు. వాళ్ళ 'కార్తా' అన్న మాటే జపాన్‌లో 'కరుతా' అయింది. చిప్ప పోయి ముక్క వచ్చింది, పద్యం మాత్రం అలాగే రెండు సగాలుగా ఉండిపోయింది. హొకుసాయి ఈ పాత గవ్వలాట మీద కూడా ఒక వరస వేశాడు. 1821లో, 36 చిన్న ప్రింట్లు. వేయించుకున్నది బజారు కాదు, హాస్య పద్యాలు రాసుకునే ఒక కవుల బృందం. మంచి కాగితం, మంచి రంగులు, అమ్మకానికి కాకుండా తమలో తాము పంచుకోవడానికి వేయించుకునే అలాంటి ప్రింట్లని సురిమోనో అంటారు. ఒక్కో దాంట్లో ఒక గవ్వ పేరూ, దానికి తగ్గ వస్తువులూ, కొత్త పద్యాలూ ఉంటాయి. పద్యమూ ఆటా బొమ్మా ఒకే కాగితం మీద కాపురం చేస్తాయి. చూడ్డానికి చాలా బాగుంటాయి. నాకు మాత్రం వాటిలో కాస్త క్లబ్బు వాసన వస్తుంది, తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకి కన్ను గీటినట్టు. దాది వరసలో ఆ వాసన లేదు.

నేను ఈ లోకంలోకి వచ్చింది మ్యూజియం దారిన కాదు. 'చిహయాఫురు' అనే అనిమే చూసి వచ్చాను. హైస్కూలు పిల్లలు చాప మీద మోకాళ్ళపై కూర్చుని ముక్కల కోసం పులుల్లా దూకుతుంటారు. ప్రొడక్షన్ రిలీజులయ్యే రాత్రుళ్ళు, బిల్డు అయ్యేదాకా ఖాళీగా కూర్చోలేక, ఒక్కో ఎపిసోడ్ చూసేవాణ్ణి. దూకుడు కంటే నన్ను పట్టేసింది ఆ ఆట వెనకున్న లెక్క.

ఆట ఇదీ. మొత్తం 200 ముక్కలు. చదివే ముక్కలు నూరు: వాటి మీద కవి బొమ్మ, పూర్తి పద్యం. పట్టే ముక్కలు నూరు: వాటి మీద బొమ్మ ఉండదు, పద్యం కింది భాగం మాత్రమే. పోటీ ఆటలో పట్టే ముక్కల్లో 50 తీసి, చెరో 25 పరుచుకుంటారు. ఎక్కడ ఏది ఉందో గుర్తుపెట్టుకోడానికి 15 నిమిషాలు. చదివే మనిషి పద్యం పైభాగం మొదలుపెడతాడు. దాని కింది భాగమున్న ముక్కని ఎవరు ముందు తాకితే వాళ్ళది. పద్యం వచ్చినవాడు ఊహించి తాకొచ్చు. అయితే ఎంత త్వరగా? ఏ అక్షరం దగ్గర ఆ పద్యం మిగిలిన తొంభై తొమ్మిదింటి నుంచి విడిపోతుందో, అక్కడ. ఆ అక్షరాల్ని కిమారిజి అంటారు, తేల్చే అక్షరాలు. నూరులో 7 పద్యాలు ఒక్క అక్షరానికే తేలిపోతాయి. 42 రెండో అక్షరానికి, 37 మూడో దానికి. 6 పద్యాలకి నాలుగు, 2 పద్యాలకి ఐదు అక్షరాలు కావాలి. చివరి 6 మాత్రం మూడు జంటలు, అయిదక్షరాల దాకా ఒకేలా నడిచి ఆరో దగ్గర విడిపోతాయి.

నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది చూడగానే ట్రై అనే డేటా స్ట్రక్చర్ గుర్తొస్తుంది. ఫోన్‌లో రెండక్షరాలు కొట్టగానే పేరు పూర్తిచేసి పెట్టేదాని వెనక ఇలాంటి చెట్టే ఉంటుంది. పైగా ఇది కదలకుండా నిలబడే చెట్టు కాదు. ఒక పద్యం చదవడం అయిపోతే, దానితో మొదలు పంచుకున్న ఇంకో పద్యానికి తేల్చే అక్షరాలు తగ్గిపోతాయి. ఆటగాళ్ళు ఆ చెట్టుని తలలో పెట్టుకుని, ఆట నడుస్తుండగానే కొమ్మలు నరుక్కుంటూ పోతారు. ఆ రాత్రి ఒక కాగితం మీద మొత్తం చెట్టు గీసుకున్నాను. చాలా ముద్దొచ్చింది.

ముద్దు తీరాక ఒక ఇబ్బంది మిగిలింది. ఈ ఆటలో ఎంత గొప్పవాడైతే అంత తక్కువ పద్యం వింటాడు. ఛాంపియన్‌కి పద్యం అంటే ఒకటి రెండు అక్షరాలు, ఒక చెయ్యి విసురు. విరహం, వెన్నెల, ఎర్రటి ఆకులు, అన్నీ ఆ విసురు తర్వాత ఎవరికీ అక్కర్లేకుండా గాల్లో వినిపించి పోతాయి. పద్యాన్ని కాపాడుతున్న ఆటే పద్యాన్ని వినకుండా చేస్తోందంటే, దాన్ని కాపాడటం అనొచ్చా?

చాలా రోజులు అనకూడదనే అనుకున్నాను. తర్వాత పోటీల రికార్డింగులు వరసగా వింటుంటే ఒక సంగతి చెవికి తగిలింది. చదివేవాళ్ళు కొత్త పద్యాన్ని నేరుగా మొదలుపెట్టరు. ముందు, అప్పుడే అయిపోయిన పద్యం కింది భాగాన్ని నెమ్మదిగా పూర్తిగా చదువుతారు. ఒక్క సెకను నిశ్శబ్దం. అప్పుడు కొత్త పద్యం. ఆ కింది భాగం చదువుతున్నంతసేపూ హాల్లో ఊపిరి తీస్తున్న చప్పుడుండదు. ఆటగాళ్ళు ముందుకి వంగి, చెవులు రిక్కించి, ఆట పరంగా ఇక ఏ విలువా లేని పద్నాలుగు అక్షరాల్ని వింటారు. కవి సమ్మేళనాల్లో అంత శ్రద్ధగా వినే శ్రోతల్ని నేను చూడలేదు. పైగా చదివేది నూరు, చాప మీద ఉన్నది యాభయ్యే. అంటే సగం పద్యాలకి పట్టాల్సిన ముక్కే ఉండదు. ఎవరూ తాకరు. అవి మొదట్నుంచి చివరిదాకా వినిపించి వెళ్ళిపోతాయి.

ఇదే ముక్కలతో ఇంట్లో చిన్నపిల్లలు ఆడే ఆట ఒకటుంది, బోజు మెకురి. దీనికి పద్యమే అక్కర్లేదు. చదివే ముక్కలు బోర్లించి, ఒక్కొక్కటీ తిప్పడమే. బోడిగుండు సన్యాసి కవి వస్తే చేతిలో ఉన్నవన్నీ పోతాయి. రాకుమారి వస్తే పోగుపడినవన్నీ మనవే. మహాకవులందరూ సన్యాసి, ఆడమనిషి, మామూలువాడు అని మూడు రకాలుగా మిగిలిపోయే ఈ ఆట నాకు చాలా ఇష్టం. అక్షరం రాని పిల్ల కూడా ఆ నూరు మొహాల్నీ ఎరుగుతుంది. పద్యం తర్వాత వస్తుంది.

అయితే ప్రతి ఆటా ఇంత దయగా ఉండదు. గెంజి-కో అని అగరు వాసనల ఆట ఒకటుంది. అయిదు రకాల సుగంధాలు, రకానికి అయిదు పొట్లాలు. పాతిక కలిపి అందులోంచి అయిదు తీసి ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తారు. అతిథులు వాసన చూసి ఏది దేనితో సమానమో చెప్పాలి. అయిదు నిలువు గీతలు గీసి, ఒకే వాసన అనిపించినవాటిని పైన అడ్డగీతతో కలుపుతారు. ఇలా ఎన్ని రకాలుగా రావచ్చు? 52. గణితంలో దీన్ని అయిదో బెల్ సంఖ్య అంటారు. కంప్యూటర్ సైన్సులో మా అందరికీ పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం రాసిన డొనాల్డ్ క్నుత్ కూడా అందులో ఈ ఆట ప్రస్తావన తెచ్చాడు. 'గెంజి గాథ' నవలలో 54 అధ్యాయాలు. మొదటిదీ చివరిదీ వదిలేసి మిగిలిన 52 అధ్యాయాల పేర్లు ఆ 52 గుర్తులకి పెట్టేశారు. గెంజి కథల మీద కునిసదా వేసిన ప్రింట్లలో శీర్షిక పక్కన ఈ గీతల గుర్తు కనిపిస్తుంది. ఎదో నగరంలో బొమ్మ కొనుక్కునేవాడు ఆ గుర్తు చూసి ఏ అధ్యాయమో చెప్పేవాడు. లెక్కగా చూస్తే ఇంత అందమైనది ఇంకోటి లేదు. కానీ ఇక్కడ నవల్లో ఒక్క వాక్యం కూడా ఆటలోకి రాలేదు. పేర్లు మాత్రమే వచ్చాయి, ఫైళ్ళకి లేబుళ్ళు అంటించినట్టు. కరుతాలో శబ్దం మిగిలింది. నాకు ఈ తేడా చిన్నదిగా అనిపించదు.

ఆ శబ్దం ఇంటింటా ఉండబట్టే హొకుసాయి లాంటివాళ్ళు ఆడుకోగలిగారు. పద్యం అందరికీ కంఠతా వచ్చినచోటే తప్పుడర్థం నవ్వు పుట్టిస్తుంది. జపాన్ హాస్యకథకులు, రకుగో వాళ్ళు, ఇప్పటికీ చెప్పే కథ ఒకటుంది. తత్సుతా నది మీద ఎర్రటి ఆకుల గురించి నరిహిరా చెప్పిన పద్యానికి అర్థమేమిటని ఒకడు వచ్చి అడుగుతాడు. అన్నీ తెలుసని పేరుపడ్డ పెద్దాయనకి అది తెలీదు. తెలీదని ఒప్పుకోడు. తత్సుతా అన్నది నది కాదు, ఒక మల్లయోధుడి పేరు అంటాడు. పద్యంలో మొదటి మాట ఒక వేశ్య పేరు. ఆవిడ వాణ్ణి కాదంది, వాడు కుస్తీ మానేసి ఊరెళ్ళి టోఫు అమ్ముకున్నాడు, ఏళ్ళ తర్వాత అదే మనిషి బిచ్చగత్తెగా వస్తే పిప్పి కూడా పెట్టలేదు, ఆవిడ నూతిలో దూకింది. ఇలా మాట మాటకీ ఒక సంఘటన అల్లుకుంటూ పోతాడు. చివర రెండక్షరాల ముక్క ఒకటి మిగిలిపోతుంది. అదేమిటని నిలదీస్తే, అది ఆవిడ అసలు పేరు అంటాడు. మన వీధి అరుగుల మీద కూడా ఇలాంటి వ్యాఖ్యాతలు తక్కువేం కాదు.

హొకుసాయి తర్వాత పదేళ్ళకి ఇదే నూరు పద్యాలు ఇంకో పనికి వచ్చాయి. 1842లో ప్రభుత్వం నటుల బొమ్మలూ వేశ్యల బొమ్మలూ వెయ్యకూడదంది. అమ్ముడుపోయేవి అవే. 1840ల మధ్యలో కునియోషి 51, హిరోషిగే 35, కునిసదా 14 చొప్పున పంచుకుని నూరు ప్రింట్ల వరస వేశారు. పైన పెద్దమనిషి తరహాలో ప్రాచీన కవి పద్యం. కింద కబుకి నాటకాల వీరులూ, దయ్యాలూ, ప్రేమికులూ. పద్యంలో ఒక్క మాటకి ఆ కథతో చుట్టరికం ఉంటే చాలు. పద్యం అక్కడ పాసుపోర్టు.

ఇలా చెప్పుకుంటూ పోతే దాది వరస కూడా తమాషా కింద జమ అయిపోతుందేమో, కానీ అది అలాంటిది కాదు. మొదటి పద్యం తెంజి చక్రవర్తిది. పంట చేను కాపలా గుడిసెలో మంచుకి తడిసిన చేతుల గురించి, రైతు గొంతుతో చెప్పిన పద్యం. హొకుసాయి అందులోంచి చక్రవర్తిని తీసేసి కోతల నాటి రైతుల్ని మాత్రం ఉంచాడు. రెండోది జితో మహారాణిది. కొండ మీద తెల్లబట్టలు ఆరేశారు, వేసవి వచ్చిందన్నమాట, అంటుందావిడ. ఆరేసింది ఎవరో చెప్పదు. హొకుసాయి బొమ్మలో ఉతికిన గుడ్డలు మోసుకుపోయే మనుషులుంటారు. చివర్లో తెయికా తన పద్యం కూడా ఒకటి చేర్చుకున్నాడు. సాయంత్రం తీరాన ఉప్పు కోసం మండించే నాచులాగా, రాని మనిషి కోసం కాలిపోతున్న ఆడదాని గొంతు అది. హొకుసాయి ఉప్పు వండే బట్టీలనీ, పొగనీ, పనివాళ్ళనీ వేశాడు. కవులకి ఉపమానం అయినవాళ్ళు ఆరువందల ఏళ్ళ తర్వాత బొమ్మలో సొంత మనుషులై కూర్చున్నారు. దాది చెప్పే అర్థం తప్పే కావచ్చు. కానీ దాదికి బట్టలు ఎవరు ఉతుకుతారో తెలుసు. దేశంలో కరువు నడుస్తున్న ఏళ్ళవి.

అన్ని బొమ్మలూ నాకు ఇంతలా ఎక్కలేదు. కొన్నింటిలో పద్యానికీ బొమ్మకీ లంకె పండితులు తవ్వితే తప్ప దొరకదు, తవ్వాక కూడా నమ్మకం కుదరదు. ప్రతి పొగలోనూ ఒక తోకని వెతికే వ్యాఖ్యానాలంటే నాకు అనుమానమే. అప్పటి కొనుగోలుదార్లకీ ఎక్కలేదేమో. కారణాలు ఏవైనా, నూరు అనుకున్నవాటిలో రంగుల్లో అచ్చయి మనకి మిగిలినవి 27. మధ్యలో ప్రచురణకర్త మారాడు. తర్వాత ఆగిపోయింది.

ఇక్కడ ఆ అచ్చు పద్ధతి గురించి ఒక మాట. మన పెడన కలంకారీ అద్దకంలో టేకు అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద కొడతారు. వీళ్ళది తలకిందులు. అడవి చెర్రీ చెక్కని పడుకోబెట్టి, రంగు పూసి, దాని మీద కాగితం పరిచి వీపున రుద్దుతారు. రంగుకో చెక్క. మొదటి చెక్క ఎలా చెక్కుతారంటే, చిత్రకారుడు పల్చటి కాగితం మీద సిరాతో వేసిన బొమ్మని తిరగేసి చెక్కకి అంటించి, గీతల వెంట కాగితంతో సహా కోసేస్తారు. అసలు బొమ్మ అక్కడితో సరి. అందువల్ల అచ్చయిన 27 బొమ్మలకీ హొకుసాయి చేత్తో గీసిన కాగితాలు లేవు. అచ్చుకాకుండా ఆగిపోయినవాటికే ఉన్నాయి. అరవై పైచిలుకు బొమ్మల జాడ తెలుసు, వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీలో చాలా ఉన్నాయి. పీటర్ మోర్స్ 1989లో ఈ ప్రింట్లనీ రేఖాచిత్రాలనీ కలిపి పుస్తకం వేశాడు. రంగులున్న పేజీ నుంచి ఉత్త సిరా గీతలున్న పేజీకి తిప్పితే ముసలాయన చెయ్యి ఎంత వేగంగా నడిచిందో కనిపిస్తుంది.

ఈ దాది మీద నాకున్న పక్షపాతానికి సొంత కారణం ఒకటుంది. మా నాయనమ్మకి చదువు రాదు, పద్యాలు వచ్చు. గజేంద్రమోక్షంలో విష్ణుమూర్తి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా, శంఖచక్రాలు పట్టకుండా, ఆవిడ పైట కొంగు కూడా వదలకుండా పరిగెత్తే పద్యం ఆవిడకి ప్రాణం. అర్థం అడిగితే ఇలా చెప్పేది: "మీ తాత అంతేరా. అర్ధరాత్రి గేదె కాలవలో పడిందని ఎవరో కేకేశారు. నాతో తగువాడుతున్నవాడు ఆడుతున్నట్టే లేచి, కండువా అనుకుని నా చీరె భుజానేసుకుని పోయాడు. దేవుడైతే మాత్రం, మగాళ్ళందరూ ఒకటే." భక్తి, శరణాగతి, ఏమీ లేవు అందులో. తొమ్మిదో తరగతిలో నేను రాసిన తాత్పర్యంలో అవన్నీ ఉన్నాయి, మార్కులు కూడా పడ్డాయి. ఇవాళ ఆ పద్యం తలుచుకుంటే నాకు కనిపించేది మాత్రం చీరె భుజానేసుకుని చీకట్లో పరిగెత్తుతున్న తాతే. నేను పుట్టేసరికే ఆయన లేడు.

ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. ఆవిడకి వచ్చిన పద్యాల్లో నాకు మొత్తం వచ్చినవి పదిహేను ఉంటాయేమో. మరో యాభై పైసగాలు వచ్చు. మా అక్కకీ అంతే, పిల్లలకి అదీ లేదు. ఇంట్లో రెండో సగాలున్న పెట్టె ఎవరో పట్టుకుపోయినట్టుంటుంది.

కిందటి సంక్రాంతికి అక్క వాళ్ళింట్లో నాలుగు రోజులున్నప్పుడు, పెళ్ళి శుభలేఖల అట్టలు కత్తిరించి కరుతా లాంటిది చేద్దామని కూర్చున్నాను. మొదట వేమన అనుకున్నాను. అరగంటలో తెలిసిపోయింది, వేమనతో ఈ ఆట కుదరదు. నాలుగో పాదం ప్రతి పద్యానికీ అదే మకుటం. అట్ట మీద రాయడానికి మిగిలేది మూడో పాదం ఒక్కటే. సుమతీ శతకంలో మకుటం చివర ఒక్క మాటే కాబట్టి కింది రెండు పాదాలూ దేనికది వేరు. ఇరవై పద్యాలు తీసుకుని నలభై ముక్కలు చేశాను. ఎనిమిదేళ్ళ మా మేనకోడలికి వాటిలో వచ్చినవి మూడే. వచ్చిన మూడూ దానికీ, మిగతావి నాకూ వస్తాయని నా లెక్క.

మొదటి రెండు ఆటలూ నేను గెలిచాను. మూడో ఆట నుంచి అది నేను నోరు తెరిచి మూడక్షరాలు పలికేలోగా ముక్క లాగేస్తోంది. ఎప్పుడూ వినని పద్యాలకి కూడా. ఎలా పడుతున్నావే అంటే చెప్పదు. బతిమాలితే చెప్పింది: "రెండో అక్షరం చూస్తే చాలు మామయ్యా. నువ్వు చదివేదాన్లో రెండోది 'క్క' అయితే ముక్కలో కూడా రెండోది 'క్క'నే ఉంటుంది."

ప్రాస. కంద పద్యంలో నాలుగు పాదాలకీ రెండో అక్షరం ఒకటే ఉండాలి. జపాన్ పద్యాలకి ఈ నియమం లేదు, అక్కడ కంఠతా రాకపోతే ముక్క దొరకదు. మన దగ్గర పద్యమే తన జత ఏదో ఒంటి మీద రాసుకుని తిరుగుతోంది, ఆల్చిప్పలాగా. బళ్ళో ఛందస్సు నేర్చుకుని, గణవిభజనలు చేసి, ముక్కలు నా చేత్తో రాసి కూడా దీన్ని ఆటలో వాడుకోవచ్చని నాకు తట్టలేదు. దానికి ప్రాస అన్న మాట కూడా తెలీదు. ఈ దొంగదారిన ముక్కలు లాగుతూ లాగుతూ, నేను వెళ్ళేరోజుకి తొమ్మిది పద్యాలు మొత్తం అప్పజెప్పింది. అర్థాలు అడగలేదు, నేనూ చెప్పలేదు.

చదివే ముక్కల మీద బొమ్మలు వెయ్యమని దానికే వదిలేసి వచ్చాను. మొన్న అక్క ఫోన్‌లో ఫొటోలు పంపింది. అవసరానికి రాని చుట్టాన్నీ, మొక్కినా వరమివ్వని దేవుణ్ణీ, యుద్ధంలో ఎక్కితే కదలని గుర్రాన్నీ వదిలెయ్యాలని చెప్పే పద్యానికి ఏం వేసిందా అని చూశాను. వాన. రోడ్డు పక్కన రెయిన్‌కోట్లలో అక్కా, అదీ, తమ్ముడూ. స్టాండు వేసిన స్కూటరు, దాని కిక్ రాడ్ మీద ఒంటికాలితో లేచి నిలబడ్డ మా బావ. నంబరు ప్లేటు మీద నంబరు కూడా సరిగ్గానే వేసింది.